కిటికీ గట్టు మీద చుట్టలు

1978లో మా కంపెనీలో పాతవాళ్ళంతా ఒకేసారి రిటైరవడం మొదలైంది. యార్డు కట్టిన కొత్తలో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఒకే ఈడు మనుషుల్ని పనిలోకి తీసుకున్నారట. ఇరవై ఐదేళ్ళు తిరిగేసరికి ఆ ఈడంతా యాభై ఎనిమిదికి వచ్చేసింది. ఉగాది నుంచి దీపావళి లోపల పదిహేడు మంది డ్యూటీ దిగిపోవాలి.

కంపెనీ అంటే ఓడరేవు వెనకాల ఉండే మాంగనీసు యార్డు. వ్యాగన్లలో వచ్చిన నల్లమట్టిని కొండల్లా దిబ్బలు పోసేవారు. ఓడ వచ్చినప్పుడు ఆ దిబ్బల కింద ఉన్న సొరంగంలోంచి రబ్బరు బెల్టు మీద మట్టిని రేవుకి పంపేవారు. నేను అక్కడ ట్రైనింగ్ అసిస్టెంటుగా చేరాను. ఆరు నెలలు ప్రొబేషను. చేరిన వారానికి పర్సనెల్ ఆఫీసరు గురునాథరావు గారు పిలిచి, మూడు వందల పేజీల ఖాళీ రూళ్ళ నోటుపుస్తకం ఒకటి చేతిలో పెట్టారు.

"దొరబాబూ, ఈ పదిహేడు మందీ వెళ్ళిపోతే వాళ్ళకి తెలిసిందంతా వాళ్ళతోనే పోతుందోయ్. ఒక్కొక్కరి దగ్గరా కూర్చో. ఏ పని ఎలా చేస్తున్నారో, ఎందుకలా చేస్తున్నారో రాయి. కొత్తగా వచ్చిన ఐటీఐ కుర్రాళ్ళు అది చదువుకుని పని చెయ్యాలి. పాతవాళ్ళు చెప్పరు, కొత్తవాళ్ళు అడగరు. మధ్యలో నువ్వుండాలి."

ఆ పని నాకు చాలా నచ్చింది. మా నాన్నకి వేలిముద్రే. మా ఇంట్లో కాగితం మీద సంతకం పెట్టిన మొదటివాణ్ణి నేను. రాసి పెట్టిన మాటకి ఉండే బలం నోటి మాటకి ఉండదని నేను మనసా నమ్మాను.

మొదట్లో అంతా బాగానే సాగింది. బెల్టు అతుకులు వేసే నజీర్ అహ్మద్ గారు మూడు రోజుల్లో పదకొండు పేజీలు చెప్పారు. నేను తిరిగి చదివి వినిపిస్తే నవ్వి, "ఇంత పని నాకు తెలుసని నాకే తెలీదు బాబూ. మా ఇంట్లో కూడా ఒకసారి చదివి పెట్టాలి, మా బేగం నమ్మదు" అన్నారు. వెళ్ళేటప్పుడు ఇంకో మాట చెప్పారు. "తవిటయ్య దగ్గర కొంచెం ఎక్కువ రోజులు కూర్చో. అతను చెప్పడు. నువ్వే చూసుకోవాలి."

తవిటయ్య బెల్టు ఆపరేటరు. సొరంగం రేవు వైపు మొగ దగ్గర చిన్న స్విచ్ రూము ఉంటుంది. దానికో కిటికీ. కిటికీ పక్కనే సొరంగంలోకి దిగే మెట్లు. భీమునిపట్నం అవతల పల్లె నుంచి మొదటి బస్సుకి వచ్చి, ఆ కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చునేవాడు. పలచటి మనిషి. ఆగస్టు ముప్పై ఒకటి అతనికి ఆఖరి రోజు.

"నాను సేసే పనేటుంది బాబూ? సైరన్ కొడతాను. ఓ నిమిషం ఆగుతాను. మీట నొక్కుతాను. రాసుకో" అన్నాడు మొదటి రోజు.

"నిమిషం అయిందని ఎలా తెలుస్తాది మావా? నీకు వాచీ లేదు కదా."

"తెలుస్తాది."

నేను 'సైరన్ తరవాత ఒక నిమిషం' అని రాసుకున్నాను.

మూడో రోజు సైరన్ కొట్టాక అతను ఆగింది నిమిషం కాదు. ఆరేడు నిమిషాలు ఆగాడు. రేవు నుంచి ఫోను మోగుతూనే ఉంది. ఎత్తలేదు. కిటికీ గట్టు వైపే చూస్తున్నాడు. నేనూ చూశాను. గట్టు మీద సగం కాల్చి ఆర్పిన చుట్టలు నాలుగు, వరసగా, ఒకదానికొకటి జానెడు ఎడంగా ఉన్నాయి. కాసేపటికి మెట్ల కింద నుంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే పైకొచ్చారు. ముఖాలు, చేతులు, చీరలు అన్నీ నల్లమట్టి. నెత్తి మీద తట్టలు. ఒక్కొక్కరూ గట్టు మీంచి ఒక్కో చుట్ట తీసుకుని వెళ్ళిపోయారు. ఆఖరి చుట్ట ఉండిపోయింది. తవిటయ్య కదల్లేదు. చాలాసేపటికి నాలుగో ఆవిడ వచ్చి దాన్ని తీసుకుంది. అప్పుడు మీట నొక్కాడు.

ఆ ఆఖరి చుట్ట ఎవరిదో చూడగానే పోల్చుకున్నాను. చివర పళ్ళతో నొక్కి నొక్కి బల్లపరుపుగా చేసిన చుట్ట. అలా నొక్కేది మా పిన్ని పైడితల్లి ఒక్కతే.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. కంచరపాలెంలో రైలు కట్ట పక్కన ఒక్క గదిలో ఇద్దరం ఉండేవాళ్ళం. తను మట్టి తట్టలు మోసి నన్ను బీయే చదివించింది. నాకు అదే యార్డులో ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజున ఆమె మొదట అన్న మాట, "ఆపీసులో నన్ను పిన్నీ అనకు. నానూ నిన్నెరగనట్టే ఉంటాను" అని. ఆ రోజు కిటికీ దగ్గర కూడా ఆమె నన్ను చూడనట్టే చుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

మెట్ల దగ్గర గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: 'ఆడవాళ్ళు సొరంగంలోకి దిగరాదు.' కాంట్రాక్టరు కింద పనిచేసే ఆడవాళ్ళు పైన యార్డు ఊడవాలి, అంతే. కాని బెల్టు మీంచి రాలిన మట్టి సొరంగంలో పోగవుతుంది. తియ్యకపోతే బెల్టు పట్టేస్తుంది. కంపెనీ మగ కూలీలు నడుం వంచి ఆ బెల్టు కింద దూరరు. అందుకని బెల్టు ఆగినప్పుడల్లా మేస్త్రీ ఈ ఆడవాళ్ళని దింపేవాడు. కాగితం మీద మాత్రం ఎవరూ దిగనట్టే.

"లోపల నిప్పు కూడదు కదా, అందుకని సుట్టలు ఆర్పి గట్టు మీద పెడతారు" అన్నాడు తవిటయ్య, నేను అడిగాక. "సుట్ట ఉంటే మనిషి లోపలుంది. సుట్ట లేదంటే పైకొచ్చీసింది. సుట్ట మర్సిపోయి ఇంటికెల్లే ఆడది మన వైపు లేదు."

"ఎవరు పెట్టారు మావా ఈ పద్ధతి?"

"ఎవులూ పెట్లేదు. అలాగైపోయింది. ఆపీసర్లొచ్చి సూసినా సుట్ట పీకలే అనుకుంటారు." నా కలం వైపు చూసి, "ఇది రాయకు" అన్నాడు.

"రాయకపోతే నీ తరవాత వచ్చేవాడికి ఎలా తెలుస్తాది?"

"రాత్తే ఆపీసుకి తెలుస్తాది. ఆడోళ్ళు దిగుతన్నారని తెలిస్తే ఊరుకుంటారేటి? గేటు పాసులు లాగీసుకుంటారు. కన్నబాబుకి నాను నోటితో సెప్తాను. నువ్వు రాయకు."

సరే అన్నాను.

కన్నబాబు తవిటయ్య స్థానంలోకి రావలసినవాడు. ఐటీఐ పాసయ్యాడు. కంచరపాలెంలో మా వీధి చివరే వాళ్ళిల్లు. పని తెలిసినవాడే, బద్ధకస్తుడు కాదు. కాని ఆరు నెలలుగా వాళ్ళిద్దరూ ఒకే గదిలో ఉండి కూడా మాట్లాడుకునేది తక్కువ. నేను ఇద్దర్నీ కేంటీనుకి తీసుకెళ్ళి టీలు చెప్పాను. నా ఉద్యోగం అదే కదా అని లోలోపల కొంచెం గర్వంగా కూడా ఉంది.

"ఆర్నెల్లయింది బావా, ఈ మావ పక్కన నిలబడి" అన్నాడు కన్నబాబు. "ఒక్క నాడు మీట ముట్టుకోనిచ్చినాడేటి?"

"మీట నొక్కడానికి నువ్వేల? కోతిని కూకోబెట్టినా నొక్కుతాది" అన్నాడు తవిటయ్య.

"మరి ఇరవయ్యైదేళ్ళు నొక్కినావు కదా, జీతం తీసుకుని."

తవిటయ్యకి నవ్వొచ్చింది. ఇదే అదను అని నేను చుట్టల సంగతి ఎత్తాను. తవిటయ్య గొంతు తగ్గించి అంతా చెప్పాడు. కన్నబాబు మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. విని టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఇది పుస్తకంలో ఉందా?"

"లేదు" అన్నాను.

"అయితే నాను సెయ్యను. కోపం తెచ్చుకోకు మావా. మొన్న ఫోర్మన్ నోటితో సెప్పినాడని నీళ్ళు లేకండా పంపు ఏసీసినాను. మోటారు కాలిపోయింది. మెమో ఎవులికొచ్చింది? నాకు. రేపు ఫోను మోగుతుంటే నాను ఎత్తకుండా కూకుంటే, ఎందుకు ఆలీసం అంటే, సుట్ట ఉందండీ అని సెప్పాలా? దొరబాబు బావ రాసి ఆపీసరు సంతకం పెట్టిత్తే, దినానికి పదిసార్లు సూత్తాను గట్టు. నోటి మాట మీద మాత్రం సెయ్యను."

తవిటయ్య నా వైపు చూశాడు. కన్నబాబు అన్నదాంట్లో తప్పేమీ నాకు కనిపించలేదు. ఇప్పటికీ కనిపించదు.

నాలుగు రోజులు ఆలోచించాను. రాస్తే వీళ్ళకి పని పోతుందేమో. రాయకపోతే సెప్టెంబరు ఒకటో తారీకు నుంచి మీట దగ్గర కూర్చునేవాడికి గట్టు మీదున్నవి చెత్త కింద లెక్క. లోపల పిన్ని ఉంటుంది. రెండు వైపులా తూచి చూస్తే పని పోవడమే మేలనిపించింది. పని పోతే నా జీతంతో ఇద్దరం బతకొచ్చు. ఆ లెక్కలో పిన్నితో పాటు దిగే మిగతా ముగ్గురు, జోగమ్మ, నూకాలు, కాశమ్మ, ఎలా బతుకుతారన్నది నేను వేసుకోలేదు.

ఆడవాళ్ళ మాట ఎత్తకుండా రాద్దామని చూశాను. 'బెల్టు వేసే ముందు కిటికీ గట్టు చూడవలెను. గట్టు మీద చుట్టలు ఉన్నచో బెల్టు వేయరాదు. గట్టు ఖాళీగా ఉన్న పిమ్మటనే మీట నొక్కవలెను.' ఇంతే రాసి గురునాథరావు గారి బల్ల మీద పెట్టాను.

ఆయన చదివి కళ్ళజోడు తీశారు. "చుట్టలేమిటోయ్?"

పెద్దవాళ్ళు ఎదురుగా అడిగితే అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు. అంతా చెప్పేశాను. ఒక్కటి మాత్రం దాచాను, అందులో ఒకావిడ మా పిన్ని అని.

ఆయన కోప్పడలేదు. "ఎంత ప్రమాదం. ఇన్నాళ్ళూ మనకి తెలియనే లేదు. మంచి పని చేశావు" అన్నారు. నిజంగానే కంగారు పడ్డారు. ఆ మధ్యాహ్నమే సర్క్యులరు టైపు చేయించారు. సొరంగంలోకి దిగిన ఆడకూలీకి గేటు పాసు రద్దు. దింపిన మేస్త్రీకి జరిమానా. కిటికీ గట్టు మీద ఏ వస్తువూ పెట్టరాదు.

"మరి నేను రాసిన పేజీ అండీ?"

"అది ఉండనీ. జాగ్రత్తకి మంచిదే" అని సంతకం పెట్టారు. "అన్నట్టు నీ కన్ఫర్మేషన్ కాగితం కూడా ఈ వారమే పైకి పంపుతున్నాను."

లోపల రాలిన మట్టి ఇక మీదట ఎవరు తీస్తారని ఆయన అడగలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు మేస్త్రీ గట్టు కడిగించి సున్నం వేయించాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి పిన్ని గుమ్మంలో కూర్చుని కాళ్ళ నలుపు వదలగొట్టుకుంటోంది. నేను చొక్కా విప్పుతూ, ఏమీ తెలియనట్టు, "ఇంకా దిగుతున్నారా పిన్నీ లోపలికి?" అని అడిగాను.

"ఎక్కడికి?"

"సొరంగంలోకి."

"సర్కిలేరు ఒచ్చింది కదా. ఎందుకు దిగుతాం? పైనే ఊడుత్తన్నాం." కాలి మడమ రాయికేసి తోముతూనే ఉంది. "ఆ తవిటయ్య ఇంత పని సేత్తాడనుకోలేదు" అంది.

"తవిటయ్యా?"

"మరెవులు? సుట్టల సంగతి ఆడికి తప్ప ఎవులికి తెలుసు? దిగిపోయే ముందు ఆపీసర్ల దగ్గర మంచోడు అనిపించుకుందామని సెప్పీసుంటాడు. జోగమ్మ అయితే ఆడి మొకం సూడనంటంది. ఇన్నాళ్ళూ అన్నా, అన్నా అని తిరిగినాం."

నోరు విప్పడానికి అదే సమయం. నేను కుండలో నీళ్ళు ముంచుకుని తాగాను. రేపు చెబుదాం అనుకున్నాను.

ఆగస్టు ముప్పై ఒకటిన తవిటయ్యకి దండ వేసి, శాలువా కప్పి, గోడగడియారం ఇచ్చారు. గురునాథరావు గారు మాట్లాడుతూ పాతతరం అనుభవం, కొత్తతరం చదువు రెండూ ఈ పుస్తకంలో కలిశాయని చెప్పి, నా పుస్తకం ఎత్తి చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. మామూలుగా పాతవాళ్ళు దిగిపోతుంటే కాంట్రాక్టు ఆడవాళ్ళు గేటు దగ్గర నిలబడి బొట్టు పెట్టి సాగనంపేవారు. ఆ రోజు ఒక్కరూ రాలేదు. తవిటయ్య గేటు దగ్గర కాసేపు నిలబడ్డాడు.

బస్సు దాకా నేను గడియారం పట్టుకుని వెంట వెళ్ళాను.

"రాసీసినావు" అన్నాడు.

"వాళ్ళ మంచికే మావా. ఇప్పుడు లోపలికి ఎవరూ దిగడం లేదు."

అతను నా ముఖంలోకి చూశాడు. "ఎవులు సెప్పినారు?"

"మా... అందులో ఒకావిడే చెప్పింది."

"బెల్టు కింద మట్టి సూసినావా? సూసి రా. సాపుగా ఉంది. నిన్నా ఉంది, ఇయ్యాలా ఉంది. ఎవులు తీత్తన్నారు మరి?" బస్సు వచ్చింది. గడియారం అందుకున్నాడు. "ఇదివరకు మెట్ల మీంచి దిగేవోళ్ళు, నా కళ్ళ ముందర. ఇప్పుడు ఎటునుంచి దిగుతన్నారో నాక్కూడా తెల్దు. ముందు అది కనుక్కో."

నేను వెళ్ళి చూశాను. సొరంగం సాపుగానే ఉంది. చీపురు గీతలు కూడా కనిపించాయి. యార్డు మధ్యలో ఇనప నిచ్చెన దిగే గొయ్యి ఒకటి ఉంది. దాని మూత మీద మట్టి చెదిరి ఉంది. రోడ్డు వైపు మొగ దగ్గర అడుగుల జాడలు. రెండూ స్విచ్ రూముకి కనబడని చోట్లే.

ఆ రాత్రి పిన్నిని మళ్ళీ అడిగాను. ఈసారి ఆమెకి విసుగొచ్చింది. "దిగట్లేదని సెప్పినాను కదా. నువ్వు ఆపీసోడివి. నన్నెందుకు ఇన్ని అడుగుతావు?" అని అటు తిరిగి పడుకుంది. 'చెప్పింది తవిటయ్య కాదు' అన్న మాట మళ్ళీ నాలోనే ఉండిపోయింది. చెబితే ఆమె నా ముఖం కూడా చూడదేమోనని భయం.

గురునాథరావు గారి దగ్గరికి వెళ్ళి నేను చూసింది చెప్పొచ్చు. చెబితే ఈసారి గేటు పాసులు నిజంగానే పోతాయి. అదీ నేను చెప్పినందుకే. రెండు రోజులు, మూడు రోజులు అలా గడిచాయి. కన్నబాబు మాత్రం మాట తప్పలేదు. సైరన్ కొట్టేవాడు, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు, గట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసేవాడు, గట్టు ఖాళీగా ఉండేది, మీట నొక్కేవాడు. ప్రతిసారీ చూసినట్టు రిజిస్టర్లో టిక్కు కూడా పెట్టేవాడు.

సెప్టెంబరు తొమ్మిది, శనివారం. రేవులో ఓడ ఉంది. పొద్దున్న పది దాటాక బెల్టు మీద పెద్ద రాయి పడి ఆగిపోయింది. ఫిట్టర్లు రాయి తీసి వెళ్ళిపోయేసరికి నలభై నిమిషాలు పట్టింది. నేను స్విచ్ రూములోనే ఉన్నాను. కన్నబాబు సైరన్ కొట్టాడు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"సూసుకో బావా, నీ పుస్తకం పెకారమే. గట్టు ఖాళీ."

నేను గట్టు చూడలేదు. గట్టు దాటి యార్డు వైపు చూశాను. బెల్టు ఆగితే ఆడవాళ్ళు రేకుల షెడ్డు నీడకి చేరతారు. షెడ్డులో ఎవరూ లేరు. చీపుర్లు లేవు. తట్టలు లేవు.

"కన్నబాబూ, ఆగు. లోపల ఉన్నారు."

"ఎవులు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. షెడ్డు ఖాళీగా ఉంది."

"షెడ్డు సూడమని రాయలేదు కదా నువ్వు." వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే అడిగాడు. అప్పుడే ఫోను మోగింది. అతను ఒక చేత్తో ఫోను ఎత్తి, "ఆఁ, వేసేత్తన్నానండి" అంటూ రెండో చేత్తో పచ్చమీట నొక్కేశాడు.

నేను అతని భుజం మీంచి చెయ్యి చాచి ఎర్రమీట కొట్టాను. వెంటనే కొట్టాననే అనుకున్నాను. కాని మూడు వందల గజాల బెల్టు, మీద తడిమట్టి బరువు. కదిలిన బెల్టు ఒక్కసారిగా ఆగదు. గడగడలాడుతూ ఇరవై, పాతిక గజాలు జారి ఆగింది.

మెట్లు దిగి చీకట్లోకి కేక వేశాను. "పిన్నీ."

యార్డులో ఆ పిలుపు పిలవడం అదే మొదటిసారి. దూరంగా దగ్గు వినిపించింది. జోగమ్మ గోడ పట్టుకుని వచ్చింది. ఆమె వెనక కాసేపటికి నూకాలు. చీర కుచ్చెళ్ళు చిరిగి ఉన్నాయి. నేను ఇంకా లోపలికి పరిగెత్తాను. నిచ్చెన గొయ్యి దగ్గర పిన్ని గోడకి వీపు ఆనించి నిలబడి ఉంది. ఒంటి మీద దెబ్బ లేదు.

"బెల్టు ఎవులాపినారు?"

"నేనే."

పై నుంచి కన్నబాబు అరుస్తున్నాడు. "బావా, ఫోన్లో ఇంజనీరు గారు. అందరూ ఒచ్చీసినారా అని అడుగుతన్నారు. ఒచ్చీసినారా?"

"ఎంతమంది దిగారు పిన్నీ?"

"నాను నిచ్చెన మీంచి దిగినాను. జోగమ్మా, నూకాలూ రోడ్డు వేపు నుంచి. ఒకలి తరవాత ఒకలం దిగమన్నాడు మేస్త్రీ, ఆపీసోళ్ళ కంట్లో పడకుండా." చుట్టూ చూసింది. "కాశమ్మ దిగిందో లేదో నాకు తెల్దు."

జోగమ్మకీ తెలియదు. నూకాలుకీ తెలియదు. పైనున్న కన్నబాబుకి తెలియదు. ఓడ ఆగి ఉంది. ఫోన్లో ఆయన మళ్ళీ అడుగుతున్నాడు.

"వెయ్యొద్దని చెప్పు" అని అరిచాను. "నేను వచ్చి చెప్పేదాకా వెయ్యొద్దు."

"నీ మాటేనని రాసుకుంటాను బావా."

"రాసుకో."

టార్చి పట్టుకుని నలుగురం రోడ్డు వైపు నడిచాం. పిలుస్తూ నడిచాం. పలకలేదు. మొగ ఇంకో యాభై గజాలుందనగా ముందు తట్ట కనబడింది, బోర్లా. ఆ పక్కనే కింది రోలరు దగ్గర కాశమ్మ. కుడి చెయ్యి రోలరుకీ బెల్టుకీ మధ్య ఉంది. కళ్ళు తెరిచే ఉంది. అరవడానికి గొంతు రాలేదట. మమ్మల్ని చూసి పెదాలు కదిపింది.

కాశమ్మ బతికింది. చెయ్యి మోచేతి పైదాకా తీసేశారు.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. అంతకు ముందు గురునాథరావు గారు పిలిచి, 'నిషేధం తెలిసి కూడా లోపలికి చొరబడిన బయటి వ్యక్తి' అని రిపోర్టు రాసుకుని రమ్మన్నారు. నేను కాగితాలు పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వచ్చేశాను.

జోగమ్మ తవిటయ్యని తిడుతోంది. "ఆడి ఊరెల్లి, ఆడింటి ముందర కూకుని అడుగుతాను. మా కాశమ్మ సెయ్యి ఇమ్మని అడుగుతాను."

"తవిటయ్య కాదు" అన్నాను. "ఆయన రాయొద్దన్నాడు. ఆఫీసుకి చెప్పింది నేను."

జోగమ్మ తిట్టు మధ్యలో ఆగిపోయింది. నూకాలు పిన్ని వైపు చూసింది. వరండా చివర ఎవరో నర్సు బకెట్టు ఈడ్చుకుంటూ వెళ్ళింది.

"ఆ రోజు గుమ్మంలో అడిగినావు సూడు, దిగుతన్నారా అని" అంది పిన్ని. "అప్పుడెందుకు సెప్పలేదు?"

"నువ్వు నాతో మాట్లాడవేమోనని."

"నువ్వు సెప్పుంటే నానూ సెప్పుదును. దిగుతన్నాం అని." అంతే అంది. గొంతు పెంచలేదు.

వార్డు తలుపు తెరుచుకుని మళ్ళీ మూసుకుంది. పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుంది. నలుపు చెంపకి ఇంకా అలికినట్టయింది.

"రేపు బెల్టు ఎన్నింటికి?"

"ఏడున్నరకి. ఓడ ఆగి ఉంది కదా." చెప్పాక నాకు అర్థమైంది. "రేపు మళ్ళీ దిగుతారా పిన్నీ?"

"మేస్త్రీ అప్పుడే కబురెట్టినాడు. ఇయ్యాల రాలిందంతా అలాగే ఉంది. మరెవులు తీత్తారు?" పిన్ని నా వైపు తిరిగింది. "కన్నబాబేనా మీట దగ్గర?"

"కన్నబాబుని సస్పెండు చేశారు. వేరేవాణ్ణి వేస్తున్నారు."

"ఆడి పేరేటి?"

"తెలీదు."

"పాతోడా? కొత్తోడా?"

"కొత్తవాడు. నిన్నే చేరాడట."

పిన్ని లేచి, చీర కుచ్చెళ్ళు దోపుకుంది. వీధిలో కంచరపాలెం బస్సు ఆగి ఉంది.

"అయితే నువ్విక్కడ కూకోకు. ఆడెవులో, ఎక్కడుంటాడో కనుక్కుని ఎల్లు. పొద్దున్న ముగ్గురం దిగుతామని సెప్పు" అంది.